పోరింగ్ కిట్ కొనే ముందు: విజయనగరంలో 8 నెలలు పోసి చూశాక

ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ అక్రిలిక్ పోరింగ్ కిట్‌కి నేను 5కి 2 ఇస్తాను. రంగుల్ని బోర్డు మీద పోసి చిత్రం చేసే పోరింగ్ అనే పనికి మాత్రం 5కి 5 ఇస్తాను. కిట్ చూసి, అందులోని రంగులు రెండు రోజుల్లో అయిపోయి, బోర్డు మీద బురద మిగిలి, "ఇది నా వల్ల కాదు" అనుకుని వదిలేసినవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు. వాళ్ళు వదిలేయాల్సింది కిట్‌ని, పనిని కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను విజయనగరం కంటోన్మెంట్ వైపు ఉంటాను. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఫాల్, పీకో చేస్తాను, 19 ఏళ్ళుగా ఇదే పని. డ్రాయింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఇప్పటికీ మనిషి బొమ్మ గీయమంటే గీయలేను. పోయిన ఆగస్టులో మా అబ్బాయి వైజాగ్ నుంచి పుట్టినరోజు కానుకగా ఈ కిట్ పంపించాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేను మురిసిపోతుంటే గమనించాడట. వాడు ప్రేమగా పంపిన వస్తువు గురించి ఇలా రాయడానికి కొంచెం మనసొప్పలేదు గానీ, వాడే "రాయమ్మా, కొనేవాళ్ళకి పనికొస్తుంది" అన్నాడు. కంపెనీ పేరు రాయను. ఇలాంటి పెట్టెలు చాలామంది అమ్ముతున్నారు, నేను చెప్పేవి చాలావరకు వాటన్నిటికీ చూసుకోవాల్సిన విషయాలే.

తెలియనివాళ్ళకి రెండు మాటలు. అక్రిలిక్ రంగుని జారుగా కలుపుకుని, కుంచె వాడకుండా బోర్డు మీద పోసి, బోర్డుని అటూ ఇటూ వంచి పారించడమే పోరింగ్. నాలుగైదు రంగులు ఒకే కప్పులో ఒకదాని మీద ఒకటి పోసి, ఆ కప్పుని బోర్డు మీద బోర్లించి ఎత్తితే ఒక రకం. రంగు మీద తడి కాగితాన్నో ప్లాస్టిక్ కార్డునో ఈడ్చితే ఇంకో రకం. రంగులో ముంచిన తాడుని చుట్టలుగా పరిచి లాగితే రెక్కలు విచ్చుకున్నట్టు వచ్చేది మరో రకం. రంగులు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వలలాగా, నాచులాగా, రాయి కోసినప్పుడు కనిపించే పొరల్లాగా విడిపోతాయి. మధ్యమధ్యలో వచ్చే గుండ్రటి కళ్ళని సెల్స్ అంటారు. వాటి కోసమే అందరూ పడిచస్తారు.

ఇక కిట్. మావాడు 1,499 రూపాయలు పెట్టాడు. లోపల 60 మి.లీ. సీసాలు 8, రెండు చిన్న కాన్వాసులు, చిన్న సీసాలో సిలికాన్ నూనె, ప్లాస్టిక్ కప్పులు, చెక్క పుల్లలు, గ్లౌజులు, కింద పరుచుకోవడానికి పల్చటి పాలిథిన్ షీటు. చూడటానికి ముద్దుగా ఉంది. రంగులు ముందే కలిపి ఉంచినవి, "మూత తీసి పోయడమే" అని పెట్టె మీద రాసి ఉంది. ఒక నీలం సీసా దారిలోనే కారిపోయి సగమే వచ్చింది, ఒక ఆకుపచ్చలో పెరుగు గడ్డల్లాంటి ఉండలున్నాయి. సరే, అలాంటివి ఏ పార్సిల్‌లోనైనా జరుగుతాయి, దాని గురించి చివర్లో చెప్తాను. అసలు లోపం లెక్కలో ఉంది.

12 అంగుళాలకి 12 అంగుళాల బోర్డుని అంచులతో సహా నింపాలంటే నాకు దాదాపు 180 మి.లీ. రంగు పడుతుంది. ఇది నేను వంటింటి కాటా మీద తూచి, పది బోర్డులకి రాసుకుని తేల్చుకున్న లెక్క. కిట్ మొత్తం 480 మి.లీ., అంటే రెండు బోర్డులు నిండి మూడోది సగంలో ఆగుతుంది. అది కూడా ఎనిమిది రంగుల్నీ చివరి బొట్టు దాకా వాడితేనే. పైగా తెల్ల రంగు కూడా మిగతావాటిలాగే 60 మి.లీ. మాత్రమే ఇచ్చారు. పోరింగ్‌లో ఎక్కువ ఖర్చయ్యేది తెలుపే. బోర్డు అంతా ముందు పల్చగా తెలుపు పరిస్తే దాని మీద రంగులు జారతాయి, రంగులకి మధ్య ఖాళీ ఇచ్చేది తెలుపు, రంగు పలచబడకుండా వెలుగు తెచ్చేది తెలుపు. నేను మిగతా రంగులన్నీ కలిపి ఎంత వాడతానో దాదాపు అంత తెలుపు వాడతాను. కిట్ తయారుచేసినవాళ్ళు ఒక్క బోర్డు పోసి చూసుకున్నా ఇది తెలిసేది.

మొదటి బోర్డు సంగతి చెప్పాలి. ఆగస్టులో ఒక రాత్రి, పనులన్నీ అయ్యాక వరండాలో కూర్చుని కప్పు బోర్లించాను. నీలం, తెలుపు, బంగారు రంగు. ఎంత బాగా వచ్చిందంటే పది నిమిషాలు కళ్ళు తిప్పలేదు, మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను. తెల్లారి లేచి చూస్తే బంగారం అంతా ఒక పక్కకి జారిపోయి అంచు నుంచి కిందకి కారి గడ్డకట్టింది, బోర్డు మధ్యలో బూడిద రంగు మరక. ఏడుపొచ్చింది. కిట్‌తో వచ్చిన కాగితంలో సమతలంగా ఉంచమని ఒక్క ముక్క కూడా లేదు.

దీనికి మందు చెప్పింది మా పక్కింటి మేస్త్రి బాబాయి. బోర్డు తిప్పి చూసి, "ఏటమ్మా, ఈ వరండాకి వాటం పెట్టిందే నేను, నీళ్ళు ఎటు పోతాయో నీ రంగూ అటే పోద్ది కదేటి" అన్నాడు. నిజమే కదా, కడిగిన నీళ్ళు పోవాలని మన ఇళ్ళల్లో వరండాకీ పెరటికీ వాటం పెడతారు, కంటికి కనపడనంత వాలు చాలు, రంగు ఆరడానికి ఒక రోజు పట్టినప్పుడు రాత్రంతా నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. బాబాయి తన పాత రసమట్టం (స్పిరిట్ లెవెల్) నాకిచ్చేశాడు. ఇప్పుడు నాలుగు పేపరు కప్పులు బోర్లించి వాటి మీద బోర్డు పెట్టి, రసమట్టం ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా కప్పుల కింద అట్టముక్కలు, కుట్టగా మిగిలిన కాన్వాస్ గుడ్డ మడతలు దూర్చి సరిచేస్తాను. ఆ తర్వాతే రంగు మూత తీస్తాను. ఈ ఒక్క పనితో నా బోర్డుల్లో సగానికి సగం బాగుపడ్డాయి. మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. కిట్‌లో గ్లౌజులకి బదులు అది పెట్టి ఉంటే నేను ఇంకో స్టార్ ఇచ్చేదాన్ని.

కిట్ రంగులు అయిపోయాక మళ్ళీ అదే కొందామా అనుకున్నాను. ఇంకో 1,499. ఒక్కో బోర్డుకి రంగు ఖర్చే 560 పడుతోంది. మన వల్ల కాదనిపించి, సొంతంగా కలుపుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే అసలు నేర్చుకోవడం అక్కడి నుంచే మొదలైంది. సీసా మూత తీసి పోసినన్నాళ్ళూ బాగా వస్తే ఎందుకు వచ్చిందో తెలియలేదు, చెడితే ఎందుకు చెడిందో తెలియలేదు.

నా కలుపు ఇది. తెల్ల జిగురు (మనం ఏ తెల్ల జిగురునైనా ఫెవికాల్ అనే అంటాం కదా, అదే) 7 పాళ్ళు, నీళ్ళు 3 పాళ్ళు కలిపి ఒక సీసాలో ఉంచుకుంటాను. రంగుని జారుగా చేసే ఈ కలుపునే మీడియం అంటారు. రంగు 1 పాలుకి ఈ మీడియం 2 పాళ్ళు. కళ్ళతో కాదు, కాటా మీద గ్రాముల్లో. తర్వాత అవసరాన్ని బట్టి నీళ్ళు చుక్కచుక్కగా. ఎంత జారుగా ఉండాలంటే, అట్ల పిండి కంటే పల్చగా, చిక్కటి మజ్జిగ కంటే చిక్కగా. పుల్ల ఎత్తితే రంగు తెగకుండా తీగలా పడాలి, పడిన చోట ఒక క్షణం గీత కనబడి తర్వాత కలిసిపోవాలి. గీత అలాగే నిలబడిపోతే ఇంకా చిక్కగా ఉన్నట్టు, అసలు కనబడకపోతే నీళ్ళు ఎక్కువైనట్టు. అన్నిటికంటే ముఖ్యం, అన్ని రంగులూ ఒకే జారులో ఉండాలి. నల్లరంగు నీళ్ళగా, ఎరుపు ముద్దగా ఉంటే నలుపు బోర్డంతా పాకిపోతుంది, ఎరుపు కదలదు. నా మొదటి పది బోర్డుల్లో ఎక్కువ చెడింది ఇందుకే. నీళ్ళు మరీ ఎక్కువ పోస్తే రంగుని పట్టి ఉంచే బంక పలచబడి, ఆరాక తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకి అంటుకుంటుంది, అందుకని నీళ్ళతో పల్చన చేయాలనే ఆశ తగ్గించుకోవాలి.

కలిపేటప్పుడు గిలక్కొట్టకూడదు, బుడగలు వస్తాయి. నెమ్మదిగా తిప్పి, అరగంట మూత పెట్టి వదిలేస్తే బుడగలు పైకి వచ్చి పోతాయి. ఉండలుంటే నైలాన్ నెట్ గుడ్డలో వడగట్టండి. నా దగ్గర నెట్ ముక్కలకి లోటు లేదు, మీకు లేకపోతే ఏ టైలర్‌ని అడిగినా ఇస్తారు.

ఇంక షాపు గురించి. మన ఊళ్ళో పోరింగ్ మీడియం అని అడిగితే స్టేషనరీ షాపుల్లో తెల్లమొహం వేశారు. చివరికి నాకు ఉపయోగపడింది గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు పోయే దారిలో ఉన్న ఒక గోడ రంగుల షాపు. ఆయనకి పోరింగ్ అంటే ఏంటో తెలియదు. నేను ఆరిన బోర్డు ఒకటి సంచిలో పెట్టుకెళ్ళి చూపించాను. దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళి, వేలితో రాసి చూసి, "తెలుపు కోసం ఆ చిన్న సీసాలెందుకమ్మా, ఇంటీరియర్ ఎమల్షన్ లీటరు డబ్బా తీసుకెళ్ళండి, అదీ అక్రిలికే" అన్నారు. అప్పటి నుంచి అడుగున పరిచే తెలుపుకి ఆ డబ్బానే. బ్రహ్మాండంగా జారుతుంది. ఇంకో మాట కూడా చెప్పారు, ఎమల్షన్‌లో మెరుపు తక్కువ రకం తీసుకుంటే పైన వార్నిష్ వేయక తప్పదు అని. అదీ నిజమే అయింది. కొనేది చిన్న డబ్బా అయినా పది నిమిషాలు నిలబడి మాట్లాడిన ఆ షాపుకి 5కి 5. అక్రిలిక్ రంగులు మాత్రం నేను స్టూడెంట్ రకం 500 మి.లీ. సీసాలే కొంటాను, ఎరుపు, పసుపు, నీలం, నలుపు, ఈ నాలుగు ఉంటే మిగతావి కలుపుకోవచ్చు.

ఖర్చు చూడండి. నేను కొన్నప్పుడు జిగురు కిలో 280, రంగు సీసా 400 పడ్డాయి. ఒక 12 అంగుళాల బోర్డుకి 60 మి.లీ. రంగు అంటే 48 రూపాయలు, జిగురు ఒక 90 గ్రాములు అంటే పాతిక. మొత్తం 75 లోపు. అదే కిట్ లెక్కలో 560. చేయి తిరగాలంటే ముప్పై బోర్డులైనా పోయాలి, 560 చొప్పున ఎవరు పోయగలరు? కిట్‌తో మొదలుపెట్టినవాళ్ళు మూడో బోర్డు దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

జిగురుకి ఉన్న లోపం కూడా చెప్పాలి, దాచకూడదు. మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా తేమకి కొంచెం మెత్తబడుతుంది. వర్షాకాలంలో రెండు బోర్డుల్ని ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోయి, విడదీసేటప్పుడు పైపొర ఊడొచ్చింది. ఏళ్ళ తరబడి నిలవాలంటే, ఎవరికైనా అమ్మాలంటే, ఇది సరైన మీడియం కాదు. మా ఆడపడుచు ఒకసారి లిక్విటెక్స్ పోరింగ్ మీడియం 237 మి.లీ. సీసా తెచ్చి ఇచ్చింది, దానితో పోసిన బోర్డు ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది, ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు. తేడా స్పష్టంగా ఉంది. కానీ ధర చూసుకుంటే అది చేయి తిరిగాక, మంచి బోర్డుకి వాడుకోవాల్సిన వస్తువు. నేర్చుకునేదాకా జిగురే మేలు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయం, సెల్స్. కిట్ కాగితంలో ప్రతి రంగులో మూడు చుక్కలు సిలికాన్ వేయమన్నారు. వేశాను, చిల్లుల జల్లెడలా వచ్చింది. ఎక్కడ చూసినా ఒకే సైజు గుంటలు, చూడగా చూడగా మొహం మొత్తింది. పైగా ఆరాక ఆ నూనె పైన మిగిలిపోయి, వార్నిష్ వేస్తే తామరాకు మీద నీళ్ళలా ముడుచుకుపోయింది. సబ్బు నీళ్ళతో మెల్లగా తుడిచి, టాల్కం పౌడరు చల్లి దులిపి, మళ్ళీ తుడిస్తే గానీ వార్నిష్ పట్టలేదు. కుట్టుమిషన్ నూనె వాడొచ్చా అని నన్ను ఇద్దరు అడిగారు, వద్దు, అది మినరల్ ఆయిల్, సిలికాన్ కాదు, జిడ్డు మాత్రమే మిగులుతుంది.

అసలు సిలికాన్ లేకుండానే సెల్స్ వస్తాయి. ఒకరోజు నల్ల రంగు మీద తెలుపు పోస్తే, నేను ఏమీ వేయకుండానే తెలుపు కిందకి దిగుతూ, నలుపు దాన్ని చీల్చుకుని పైకి వస్తూ, ఆకు ఈనెల్లాగా విడిపోయింది. ఎందుకా అని వెతికితే ఒక గొప్ప సంగతి తెలిసింది. మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్క్‌లో ఒక ప్రయోగాల వర్క్‌షాపు పెట్టాడు, కార్లకి వేసే ల్యాకర్ రంగుల్ని పడుకోబెట్టిన పలక మీద ఒకదాని మీద ఒకటి పోసి ఇదే చేశాడు. తర్వాత రంగు చిలకరించి వేసే చిత్రాలతో పేరు తెచ్చుకున్న అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొల్లాక్ కూడా ఆ వర్క్‌షాపుకి వచ్చినవాడే. సికేరోస్ పద్ధతిని 2015లో మెక్సికో పరిశోధకులు ల్యాబ్‌లో మళ్ళీ పోసి చూశారు. బరువైన రంగు పైన, తేలికైనది కింద ఉంటే ఆ అమరిక నిలవదు, పైది కుంగుతుంది, కిందది లేస్తుంది, ఆ తోపులాటే ఈ నమూనా అని తేల్చారు. దానికి రేలీ-టేలర్ అస్థిరత అని పేరు.

తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్ పొడి నీటికంటే నాలుగు రెట్లకి పైగా సాంద్రం, నల్ల రంగులో ఉండే కార్బన్ పొడి రెండు రెట్ల దగ్గర ఆగుతుంది. నమ్మకం కుదరక నేను మీడియం కలపని రంగుల్ని సరిగ్గా 50 మి.లీ. చొప్పున కాటా మీద పెట్టాను, నా తెలుపు 66 గ్రాములు, నలుపు 55. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. అప్పటి నుంచి కప్పులో రంగులు ఏ వరుసలో పోయాలో నేనే నిర్ణయించుకుంటున్నాను. కప్పు బోర్లిస్తే వరుస తలకిందులవుతుంది కదా, అందుకని తెలుపు కప్పులో అడుగున ముందు పోస్తే బోర్డు మీద అది పైకి వస్తుంది, వచ్చి కుంగడం మొదలుపెడుతుంది. ఈ మాట ఏ కిట్ కాగితంలోనూ రాయరు, సిలికాన్ సీసా ఇచ్చి ఊరుకుంటారు.

రంగుల జత గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 19 ఏళ్ళు చీరకి బ్లౌజు మ్యాచింగ్ చూసినదాన్ని. కానీ గుడ్డలో పనికొచ్చిన జత తడి రంగులో పనికిరాదని ఇక్కడే తెలిసింది. ఎర్ర అంచు ఆకుపచ్చ చీర ఎంత అందం, అదే ఎరుపూ ఆకుపచ్చా తడిగా కలిస్తే మట్టి రంగు. గుడ్డలో దారం పక్కన దారం ఉంటుంది, ఇక్కడ ఒకదానిలో ఒకటి కరిగిపోతుంది. అందుకే పోసే ముందు చిన్న మూతలో రెండు రంగులూ పుల్లతో కలిపి చూస్తాను. కలిసినా అందంగా ఉంటేనే పక్కపక్కన వేస్తాను, లేదంటే మధ్యలో తెలుపు అడ్డం పెడతాను. నేను పోసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అక్టోబరులో వచ్చింది. విజయదశమి తర్వాత మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పూజారి కొసన కూర్చునే ఆ పొడవాటి మాను, మూడుసార్లు తిరిగేంతవరకు ఆ జనంలో నిలబడి ఇంటికొచ్చాను, కళ్ళు మూసుకున్నా పసుపూ కుంకుమే. మర్నాడు పసుపు, ఎరుపు, తెలుపు మూడే తీసుకున్నాను. పసుపూ ఎరుపూ కలిస్తే నారింజ వస్తుంది, బురద రాదు, ఎంత కలిసినా చెడదు. కప్పు ఎత్తగానే మధ్య నుంచి అంచులకి మంటలా విచ్చుకుంది. దాన్ని ఎవరికీ ఇవ్వను, మా హాల్లో ఉంది.

తాడు లాగే పద్ధతి కిట్‌లో లేనే లేదు, కానీ కొత్తవాళ్ళకి తక్కువ రంగుతో ఎక్కువ ఆనందం ఇచ్చేది అదే. మిషన్ దారం పల్చన, రంగు పట్టదు. ఊలు నూగు వదులుతుంది. లంగా నాడా ఉంది చూడండి, నూలుది, అది సరిగ్గా సరిపోయింది. రంగు పీల్చుకుంటుంది, తెగదు, లాగేటప్పుడు బరువు తెలుస్తుంది. తెలుపు పరిచిన బోర్డు మీద నాడాని వంపులుగా పెట్టి, ఒక కొసని బోర్డు బయటికి వదిలి, కిందకి ఆనించి ఒకే వేగంతో లాగాలి. చేయి ఆగితే అక్కడ ముడిలా కనిపిస్తుంది. నిండు రెక్కల పువ్వులు నాకు దీనిలోనే వచ్చాయి, బహుశా గుడ్డ మిషన్ కింద నుంచి ఆపకుండా లాగే అలవాటు పనికొచ్చిందేమో.

ఆరబెట్టడం మన ప్రాంతంలో వేరే కథ. వీడియోల్లో 24 గంటలు అంటారు. ఆగస్టు, సెప్టెంబరు ముసురులో నాకు మూడు రోజులు పట్టింది. ఒక వాన వెలిసిన సాయంత్రం లైటు వేసి ఉంచితే ఉసిళ్ళు వందల్లో వచ్చి తడి రంగులో పడ్డాయి, తీయబోతే రెక్కలు మిగిలాయి, ఆ బోర్డు పోయింది. అప్పటి నుంచి లైటు ఆపి, బోర్డు మీద పెద్ద అట్టపెట్టె బోర్లించి, గాలి ఆడటానికి దాని కింద నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెడుతున్నాను. దుమ్ము, దోమ, పిల్లి, అన్నిటికీ అదే కాపలా. ఇప్పుడు ఏప్రిల్‌లో సమస్య తిరగబడింది. ఫ్యాను కింద పెడితే పైపొర తొందరగా గట్టిపడిపోయి, లోపలిది ఆరుతూ ముడుచుకునేసరికి పైన చీలికలు వస్తున్నాయి. ఎండలో పెట్టకండి, ఫ్యాను కింద పెట్టకండి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. మందంగా పోసిన చోటే ఎక్కువ చీలుతుంది, అందుకని అంచుల నుంచి ఎక్కువైన రంగుని కారిపోనివ్వాలి. వార్నిష్‌కి కనీసం మూడు, నాలుగు వారాలు ఆగాలి.

కిట్‌లో వచ్చిన కాన్వాసులు కూడా నాకు నచ్చలేదు. చెక్క చట్రానికి వదులుగా బిగించినవి, రంగు బరువుకి మధ్యలో కుంగి అక్కడ మడుగు కట్టింది. చట్రం కాన్వాసే వాడాలంటే వెనక అట్ట దూర్చి బిగించుకోండి. నాకైతే కార్పెంటర్ దగ్గర మిగిలే ప్లైవుడ్ ముక్కలే హాయి. రెండు వైపులా ప్రైమర్ రెండు పూతలు వేయాలి, ఒకవైపే వేస్తే బోర్డు వంగుతుంది. ఖరీదైన గుడ్డ మీద పోస్తే ఇంకా బాగుంటుందేమో అని ఒకసారి పొందూరు ఖద్దరు ముక్క ప్లైవుడ్‌కి అంటించి పోశాను. ఆ నేత అందం అంతా రంగు కింద పూడిపోయింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో అంత సన్నగా వడికిన గుడ్డ, దాన్ని రంగు కింద పెట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. పోరింగ్‌లో కింద ఏముందో కనబడదు, కాబట్టి గట్టిగా, చదునుగా ఉంటే చాలు.

మిగిలిన రంగుని దయచేసి సింకులోనో కాలవలోనో పోయకండి, అది ప్లాస్టిక్, లోపల గడ్డకడుతుంది. షీటు మీద అలాగే ఆరనిస్తే అట్టు ఊడొచ్చినట్టు ఊడొస్తుంది. ఆ తొక్కల్ని కత్తిరించి నేను గ్రీటింగ్ కార్డుల మీద అంటిస్తాను, మా వీధి పిల్లలు వాటి కోసం క్యూ కడతారు.

కారిపోయిన నీలం సీసా సంగతి చెప్తానన్నాను కదా. ఫొటో పెట్టి రాస్తే వారం తర్వాత కొత్త సీసా పంపారు, డబ్బు అడగలేదు, అది మెచ్చుకోవాలి. ఉండలున్న ఆకుపచ్చకి మాత్రం "బాగా కలపండి" అని జవాబు. గంటసేపు కలిపాను, విరిగిన పాలు కలిపితే కలుస్తాయా? వడగడితే పావు వంతు గుడ్డలోనే మిగిలింది. కలిపి సీసాల్లో పెట్టిన రంగు ఎన్నాళ్ళ క్రితం కలిపారో తేదీ లేకుండా అమ్మడం తప్పు అని వాళ్ళకీ రాశాను.

అయితే ఈ కిట్ ఎవరూ కొనకూడదా? పదేళ్ళ పిల్లలకి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కాలక్షేపం కావాలి, ఇంట్లో జిగురూ కాటా పెట్టుకుని కూర్చునే ఓపిక లేదు అనుకుంటే కొనండి, రెండు చిన్న బోర్డులు సరదాగా అయిపోతాయి. ఇప్పటికే కొనేసినవాళ్ళు చిన్న ఎమల్షన్ డబ్బా ఒకటి, రసమట్టం ఒకటి విడిగా తెచ్చుకోండి. కిట్‌లో తెలుపుని అడుగున పరచకుండా సెల్స్ కోసం దాచుకుంటే, 8 సీసాలతో నాలుగు బోర్డుల దాకా లాగొచ్చు. నేర్చుకోవాలని ఉంటే మాత్రం ఆ 1,499తో కిలో జిగురు, రెండు రంగు సీసాలు, ఒక చిన్న రసమట్టం వస్తాయి. మూడో రంగు తర్వాతి నెల కొనుక్కోవచ్చు, మొదటి నెలంతా నీలం, పసుపు, ఎమల్షన్ తెలుపుతోనే పోయండి. నీలం, పసుపు కలిసినా ఆకుపచ్చే వస్తుంది, చెడేదేమీ ఉండదు.

విజయనగరం వాళ్ళు ఎవరైనా కలిపే దగ్గర ఆగిపోతే అడగండి. ఆదివారం మధ్యాహ్నాలు మిషన్ ఆపేస్తాను, వరండాలోనే ఉంటాను, మీ రంగులు మీరు తెచ్చుకుంటే కాటా, రసమట్టం నా దగ్గరున్నాయి.